రోడ్డు మీద నడపడానికి ఏ తరం 911 జీటీ3 కొనాలి?

అమెరికాలో స్థిరపడిన మన వాళ్ళలో కార్ల పిచ్చి ఉన్నవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది. 'పోర్షే 911 జీటీ3 కొనాలని ఉంది. 997 తీసుకోవాలా, 991 తీసుకోవాలా, 992 కోసం ఆగాలా?' (జీటీ3 అంటే ట్రాక్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన 911. 996, 997, 991, 992 అనేవి వరుసగా వచ్చిన తరాలకు కంపెనీ పెట్టిన నంబర్లు, ఒక్కో తరంలో రెండేసి విడతలు.) బడ్జెట్ చెబుతారు, నచ్చిన రంగు చెబుతారు. ఏ రోడ్డు మీద నడుపుతారో మాత్రం చెప్పరు. ముందు తేలవలసింది అదే.

ట్రాక్ కోసమే కొనేవారు ఇది చదవనక్కర్లేదు. డబ్బుంటే కొత్తది కొనండి, ప్రతి తరమూ ముందు దానికంటే వేగంగా తిరుగుతుంది. రోడ్డు సంగతి వేరు. అక్కడ వేగానికి చట్టం హద్దు గీస్తుంది కాబట్టి, ఆ హద్దులోపల ఏ కారు మీకు ఎక్కువ పని చెబుతుందన్నదే లెక్క.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీరు నెలలో నిజంగా నడిపే రోడ్ల జాబితా
- కారు ధరతో పాటు, ధరలో కనీసం పదో వంతు విడిగా దాచిన డబ్బు
- జీటీ కార్లు విప్పి బిగించిన అనుభవమున్న మెకానిక్ (అమ్మేవారి మనిషి కాకూడదు)
- పెయింటు మందం కొలిచే మీటరు, చిన్న టార్చి
- మీ ఇంటి డ్రైవ్‌వే వాలు, గ్యారేజీ వెడల్పు కొలతలు
- ఇంట్లోవాళ్ళ సమ్మతి. నవ్వకండి, సీట్ల దగ్గరికి వచ్చేసరికి దీని విలువ తెలుస్తుంది.

1. మీ రోడ్డును కాగితం మీద పెట్టండి

డాలస్ చుట్టుపక్కల ఉంటే మీ రోడ్లు నేరుగా, వెడల్పుగా, సిమెంటు అతుకులతో ఉంటాయి. మలుపులు కావాలంటే టెక్సస్‌లోనే కొండ ప్రాంతమైన హిల్ కంట్రీలోని 335, 336, 337 నంబరు రాంచ్ రోడ్ల దాకా గంటల తరబడి హైవే ప్రయాణం. బే ఏరియాలో ఉంటే స్కైలైన్ బూలవార్డ్ పక్కనే ఉంది, కానీ దాన్ని చేరే లోపల ట్రాఫిక్. న్యూజెర్సీలో చలికాలం దాటేసరికి గుంతలు, అంతకుముందు ఉప్పు చల్లిన రోడ్లు.

మూడు విషయాలు రాయండి: హైవే ఎంత శాతం, గుంతలు ఎంత, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్ ఎంత. ఇక్కడ మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి. చాలామంది ఊహలో నడిపే కొండ దారిని రాసి, వాస్తవంలో నడిపే ఆఫీసు దారిని వదిలేస్తారు.

2. గేరుబాక్సు తేల్చుకోండి

ఈ ఒక్క నిర్ణయంతో జాబితా సగానికి తగ్గుతుంది. 996, 997 తరాల జీటీ3లు మాన్యువల్ మాత్రమే. 991 మొదటి విడత, అంటే 2013లో వచ్చినది, పీడీకే ఆటోమేటిక్ మాత్రమే. 2017లో వచ్చిన 991 రెండో విడత నుంచి రెండూ దొరుకుతాయి.

రోజూ ట్రాఫిక్‌లో గంట గడిపేవారు 997 క్లచ్‌ను ఎంచుకునే ముందు కనీసం అరగంట అదే ట్రాఫిక్‌లో తొక్కి చూడండి. బరువైన క్లచ్ అది. మోకాలి నొప్పి ఉంటే అక్కడితో ఆ తరాన్ని కొట్టేయవచ్చు.

3. తరాలను మీ రోడ్డుతో సరిపోల్చండి

కింద ఇచ్చిన హార్స్‌పవర్ అంకెలు యూరప్ లెక్క ప్రకారం. వాటికి మరీ విలువ ఇవ్వకండి.

*996 (1999–2005).* మొదటి విడతకు 360, రెండో విడతకు 381 హార్స్‌పవర్, 3.6 లీటర్ల ఇంజిను. మొదటి విడతను అమెరికాలో అధికారికంగా అమ్మలేదు. 25 ఏళ్ళు నిండిన కార్లను దిగుమతి చేసుకోవచ్చన్న నియమం వల్ల 2024 నుంచి అవి ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ఏబీఎస్ తప్ప కాపాడే ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. తడి రోడ్డు మీద కాలు తొందరపడితే కారు గిర్రున తిరిగి వచ్చిన దారినే చూస్తుంది. స్పోర్ట్స్ కారు ఇదే మొదటిది అయితే దీని జోలికి పోకండి.

*997 (2006–2011).* మొదటి విడత 3.6 లీటర్లు, 415 హార్స్‌పవర్. రెండో విడత 3.8 లీటర్లు, 435. గట్టితనం మార్చుకునే డాంపర్లు (షాక్ అబ్సార్బర్లు) జీటీ3కి ఇక్కడే వచ్చాయి. మొదటి విడతలో ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, స్టెబిలిటీ కంట్రోల్ రెండో విడతలో చేరింది. స్టీరింగు హైడ్రాలిక్. రోడ్డు మీది గరుకుదనం, టైరు జారబోయే క్షణం అరచేతికి తెలుస్తాయి. యాభై మైళ్ళ వేగంలో కూడా పని చేస్తున్నట్టు అనిపించే కారు. కారు వెడల్పు కూడా తక్కువ, సన్నని దారిలో మీ వరుసలోనే చోటు మిగులుతుంది.

ఈ రెండు తరాల ఇంజినుకు ఇంజినీర్ హాన్స్ మెట్జ్‌గర్ పేరు. 1998 లెమాన్స్ గెలిచిన 911 జీటీ1 ఇంజిను వంశమే. అదే కాలపు మామూలు 911లను వేధించిన ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిను లోపలి ఒక షాఫ్టును మోసే బేరింగ్) సమస్య దీనికి లేదు. దీని జబ్బు వేరు. కూలెంట్ గొట్టాల కొసలను లోహపు గూళ్ళలో జిగురుతో అతికించారు. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారి ఆ జిగురు వదిలితే గొట్టం చెప్పకుండా ఊడి వస్తుంది, కూలెంట్ నేరుగా వెనక టైర్ల కిందికి పోతుంది. ఆ తర్వాత కారు ఎటు పోతుందో మీ చేతిలో ఉండదు. గొట్టాలను వెల్డింగ్ చేయించిన లేదా పిన్నులు కొట్టించిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి, దానికి ఇంజిను కిందికి దించాలి.

*991 మొదటి విడత (2013–2015).* 475 హార్స్‌పవర్, 9,000 ఆర్‌పీఎం, మలుపుల్లో ముందు చక్రాలతో పాటు వెనక చక్రాలు కూడా కొద్దిగా పక్కకు తిరుగుతాయి, స్టీరింగు ఎలక్ట్రిక్. హైవే మీద 997 కంటే చాలా నిశ్చింత. ధర అందుబాటులో ఉందని ఎక్కువమంది దీని వైపు వస్తారు, అందుకే దీని చరిత్ర తెలిసి రండి. 2014 మొదట్లో కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులై రెండు కార్లు తగలబడ్డాయి. కంపెనీ అప్పటికి తయారైన 785 కార్లకూ ఇంజిన్లు మార్చింది. తర్వాత వాల్వులను తొక్కే ఫింగర్ ఫాలోయర్లు అరిగే సమస్య బయటపడింది. దానికి అమెరికాలో ఇంజిను వారంటీని 10 ఏళ్ళు లేదా 1,20,000 మైళ్ళకు పొడిగించారు. ఆ పదేళ్ళు కారు మొదట అమ్ముడైన తేదీ నుంచి లెక్క. 2014లో రోడ్డెక్కిన వాటికి గడువు తీరిపోయింది. 'ఇంజిను వారంటీ ఉంది కదండీ' అని అమ్మేవారు అంటే తేదీ చూపించమనండి. ఇంజిను మార్చి ఉంటే మంచిదే, ఏ తేదీన మార్చారో బిల్లు ఉండాలి.

*991 రెండో విడత (2017–2019).* 4 లీటర్లు, 500 హార్స్‌పవర్, మళ్ళీ మాన్యువల్, వాల్వుల అమరిక మార్చి అరుగుదల సమస్యను మూలంలోనే తీసేశారు. వెనక పెద్ద రెక్క లేని టూరింగ్ రూపం 2017లోనే వచ్చింది, ఈ తరంలో అది మాన్యువల్ మాత్రమే. నన్నడిగితే, సగం హైవే, సగం మలుపులు ఉన్నవారికి చూడవలసిన మొదటి కారు ఇదే. సస్పెన్షన్ గట్టిదే గానీ అతుకుల రోడ్డు మీద ఓర్చుకోవచ్చు. లోటు ఒకటుంది: గేర్లు చాలా పొడవు. రెండో గేరులో 9,000 దాకా లాగితే గంటకు 80 మైళ్ళ దగ్గరికి చేరుతుంది. ఆ ఇంజిను అసలు రుచి చూడటానికి మామూలు రోడ్డు మీద మీకు ఒకటిన్నర గేరే దక్కుతుంది.

*992 (2021 నుంచి).* 510 హార్స్‌పవర్. ముందు చక్రాలకు మొదటిసారి డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని రెండు చేతులు పట్టుకునే సస్పెన్షన్) అమరిక. ముందు భాగం మలుపులోకి దూరే తీరు చూస్తే ముచ్చటేస్తుంది, కానీ స్ప్రింగులు బాగా గట్టి. నున్నటి రోడ్డు మీద అద్భుతం, అతుకుల సిమెంటు మీద తల ఊగుతూనే ఉంటుంది. 2024 అక్టోబరులో ప్రకటించిన రెండో విడతలో గేర్లను దాదాపు 8 శాతం పొట్టి చేశారు, సస్పెన్షన్ కొంత సవరించారు, టూరింగ్‌లో కోరుకుంటే వెనక సీట్లు కూడా ఇస్తున్నారు. అయితే ధర చూడండి: మొదటి విడత అమెరికాలో 1,61,100 డాలర్ల దగ్గర మొదలైతే, రెండో విడత 2,22,500 దగ్గర మొదలైంది. ఆ తేడాతో మంచి ఇంటి కారు మరొకటి వస్తుంది.

సూటిగా చెప్పాలంటే: గుంతలు, ట్రాఫిక్ ఎక్కువైతే 991 రెండో విడత. వారాంతం ఉదయాలు మాత్రమే నడిపి, కారు చేతికి తెలియాలనుకుంటే 997 రెండో విడత. రోడ్లు నున్నగా ఉండి, ఏడాదికి నాలుగైదు సార్లు ట్రాక్‌కు కూడా వెళ్తే 992.

ప్రత్యామ్నాయం: ఈ జాబితా చదువుతుంటే ప్రతిచోటా 'కానీ' అడ్డొస్తుంటే, మీకు కావలసింది జీటీ3 కాకపోవచ్చు. అదే తరం 911 కరేరా ఎస్ లేదా జీటీఎస్ నడిపి చూడండి. రోజువారీ రోడ్డుకు అవే సుఖం.

4. ఆప్షన్లను తరం కంటే ముందు చూడండి

ముందు భాగాన్ని ఎత్తే లిఫ్టు: 997 రెండో విడత నుంచి ఆప్షన్‌గా దొరుకుతుంది. డ్రైవ్‌వే వాలుగా ఉంటే లిఫ్టు లేని కారు వద్దు. ముందు బంపరు కింది పెదవి నేలకు గీసుకోవడం మొదలైతే ప్రతి గుడి పార్కింగూ ఒక పరీక్షే. వాహన పూజకు తీసుకెళ్ళిన రోజే పెదవి చీలగలదు.

బకెట్ సీట్లు: చూడటానికి అందం, వెనక్కి వాల్చలేం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను అందులోంచి లేపడం ఇద్దరు మనుషుల పని. వాళ్ళను, మీ శ్రీమతిని లేదా శ్రీవారిని కొనక ముందే కూర్చోబెట్టి, పది నిమిషాలు తిప్పి, అప్పుడు అడగండి.

సిరామిక్ బ్రేకులు: పసుపు రంగు కాలిపర్లతో గుర్తుపట్టవచ్చు. రోడ్డు మీద చాలా కాలం వస్తాయి, చక్రాల మీద నల్లని పొడి పడదు. ట్రాక్‌లో అరిగితే నాలుగు డిస్కులకు ఐదంకెల డాలర్లు. డిస్కు అంచున పెచ్చు లేచిందేమో టార్చి వేసి చూడండి. సందేహముంటే ఇనుప డిస్కులున్న కారే రోడ్డుకు తెలివైన ఎంపిక.

ఒకే నట్టు చక్రాలు: 997 రెండో విడత నుంచి ఇవే. 500–600 న్యూటన్ మీటర్ల బిగింపు, పొడవాటి ప్రత్యేక పానా కావాలి. మూలమీద ఉన్న టైర్ల కొట్టుకు ఇవ్వకండి. 2010 మోడల్ కార్లను ఈ చక్రాల హబ్బుల కోసం కంపెనీ వెనక్కి పిలిపించింది. మీరు చూస్తున్న కారుకు ఆ పని జరిగిందో లేదో కారు వీఐఎన్ (ఛాసిస్) నంబరు ఇచ్చి పోర్షే డీలరును అడగండి.

5. టెస్ట్ డ్రైవ్‌ను పరీక్షలా చేయండి

ఇంజిను చల్లగా ఉండగానే వెళ్ళండి. మీరు వచ్చేసరికి వేడి చేసి ఉంచితే, ఎందుకని అడిగి, మరో రోజు రండి. చల్లని స్థితిలో మొదలుపెట్టి ఈ వరుసలో వెళ్ళండి:

- మొదటి పది నిమిషాలు నెమ్మదిగా. మాన్యువల్ అయితే ఒకటి నుంచి రెండుకు మార్చేటప్పుడు గీరుకుంటోందా? చల్లగా ఉన్నప్పుడు కొంచెం మొండితనం సహజం, వేడెక్కాక కూడా గీరుకుంటే సింక్రోలు (గేర్లను సాఫీగా కలిపే రింగులు) అరిగాయి.
- మీ ఊరి అతి చెత్త రోడ్డు మీద రెండు మైళ్ళు.
- హైవే మీద 70 మైళ్ళ వేగంతో కనీసం అరగంట. వెనక సీట్లు, శబ్దాన్ని ఆపే మెత్తలు లేని కారులో టైర్ల హోరు గంట తర్వాత తలనొప్పి కావచ్చు. ఇది పది నిమిషాల డ్రైవులో తెలియదు.
- నూనె పూర్తిగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి పై ఆర్‌పీఎం దాకా. 991 మొదటి విడతలో అక్కడ తడబాటు, టకటక శబ్దం వస్తే కారు ఆపి తాళాలు తిరిగి ఇచ్చేయండి.

హెచ్చరిక: కారు మీద ఉన్న మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 టైర్లు చలిలో, తడిలో పట్టు ఇవ్వవు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువైతే ఆ రోజు పరీక్ష మానుకోండి. కొన్నాక ట్రాక్‌కు వెళ్ళని పక్షంలో పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటి రోడ్డు టైర్లకు మారితే కారు స్వభావమే మెత్తబడుతుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. ఆరేళ్ళు దాటిన టైరుకు గీతలు నిండుగా ఉన్నా అది చచ్చిన టైరే.

6. ఓవర్‌రెవ్ రిపోర్టు తీయించండి, చదవడం నేర్చుకోండి

అన్ని అడుగుల్లోకీ ముఖ్యమైనది ఇదే. మొహమాటపడి దీన్ని వదిలేసేవారే ఎక్కువ. ఇంజిను హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో కారు కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది. 997 నుంచి ఆ లెక్క ఆరు శ్రేణుల్లో ఉంటుంది. డీలరు గానీ, సరైన పరికరమున్న మెకానిక్ గానీ కాసేపట్లో తీసి ఇస్తారు.

అంకెలు చూసి బెదరకండి. అక్కడ లెక్కించేది సార్లు కాదు, సిలిండర్లలో మంట వెలిగిన సంఖ్య. ఆరు సిలిండర్ల ఇంజిను ఒక్క చుట్టుకు మూడుసార్లు వెలుగుతుంది. 8,400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 420 అన్నమాట. కాబట్టి మొదటి శ్రేణిలో 2,000 అని ఉంటే ఎవరో మొత్తం మీద ఐదు సెకన్లు హద్దు మీద ఉంచారని అర్థం. అదేం నేరం కాదు, ఈ ఇంజిన్లు ఆ పనికే పుట్టాయి.

నాలుగు, ఐదు, ఆరు శ్రేణులు వేరు. అక్కడికి ఇంజిను తనంతట తాను పోలేదు. ఎవరో ఐదు నుంచి నాలుగుకు బదులు రెండుకు వేసి, చక్రాలే ఇంజినును బలవంతంగా తిప్పినప్పుడే అవి నమోదవుతాయి. అక్కడ అంకె ఉంటే, అది ఎన్ని గంటల ఇంజిను వయసులో జరిగిందో పక్కనే ఉంటుంది. మొత్తం గంటలతో పోల్చండి. ఆ తర్వాత కారు వందల గంటలు చక్కగా నడిచి, సిలిండర్ల లీక్‌డౌన్ పరీక్షలో (గాలి ఎంత కారిపోతుందో కొలిచేది) ఆరూ సమానంగా వస్తే ధర తగ్గించి ఆలోచించవచ్చు. పోయిన నెలలో జరిగినదైతే వద్దు. పీడీకే కార్లలో తప్పు గేరును బాక్సే ఒప్పుకోదు కాబట్టి, పై శ్రేణుల్లో అంకె కనిపిస్తే మరింత అనుమానించాలి.

అదే కాగితంతో మరో పరీక్ష: ఓడోమీటరు మైళ్ళను ఇంజిను గంటలతో భాగించండి. 20,000 మైళ్ళు, 600 గంటలు అంటే సగటున 33 మైళ్ళ వేగం, నమ్మదగినదే. సగటు పది మైళ్ళ లోపు వస్తే మీటరు మార్చారేమో అడగాలి.

రిపోర్టు ఇవ్వడానికి అమ్మేవారు నసుగుతుంటే బేరం అక్కడితో ఆపేయండి. రిపోర్టు చేతికి రాక ముందు బయానా ఇవ్వకండి.

7. ఒళ్ళంతా, కాగితాలన్నీ చూడండి

పెయింటు మీటరుతో ప్రతి ప్యానెల్‌నూ నాలుగైదు చోట్ల కొలవండి. ఒక తలుపు చుట్టుపక్కల వాటికంటే రెట్టింపు చూపితే మళ్ళీ రంగు వేశారు. ముందు బంపరుకు రాళ్ళు తగిలి రంగు వేయించడం సాధారణం. పైకప్పుకు, వెనక పక్కలకు వేయించడం సాధారణం కాదు. రక్షణ ఫిల్ము అతికించి ఉంటే అంకె ఎక్కువ వస్తుంది, దాని అంచు ఎక్కడుందో వెతికి కొలవండి.

కాగితాల్లో యజమానుల వరుస, ఏటా నూనె మార్చిన బిల్లులు, అల్లైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచిన) షీట్లు కావాలి. 'మైళ్ళు తక్కువ తిరిగింది, నూనె మార్చక్కర్లేదనుకున్నాం' అంటే ఆ యజమాని మిగతా విషయాల్లోనూ అలాగే ఉంటాడు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

అతి తక్కువ మైళ్ళ కారుకు అదనంగా డబ్బు పోయడం మొదటిది. పదిహేనేళ్ళలో 4,000 మైళ్ళు తిరిగిన 997కు రబ్బరు సీళ్ళు ఎండి ఉంటాయి. కొన్నాక మైళ్ళు పెరిగితే ధర పడిపోతుందని మీరూ దాన్ని కప్పి పెడతారు. రోడ్డు కోసమైతే 25,000–40,000 మైళ్ళు, మందపాటి బిల్లుల ఫైలు ఉన్న కారు మేలు.

వీడియోల్లో లాప్ టైములు చూసి తరం ఎంచుకోవడం రెండోది. మీ ఇంటి నుంచి కాస్ట్‌కో దాకా లాప్ టైము ఎవరూ పెట్టరు.

మూడోది మన వాళ్ళకే ప్రత్యేకం. 'కొన్నేళ్ళు ఇక్కడ నడిపి, తిరిగి వెళ్ళేటప్పుడు హైదరాబాదు తీసుకెళ్తా' అనేవారున్నారు. అమెరికా కార్లకు స్టీరింగు ఎడమవైపు. ఇండియాలో 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షను అలాంటి కారును, నిర్దిష్ట సిగ్నల్ పరికరం ఉంటే తప్ప, బహిరంగ రోడ్డు మీద నడపనివ్వదు. ఆ లెక్కతో కొనకండి. హైదరాబాదులో నడపాలంటే అక్కడే కుడివైపు స్టీరింగు కారు కొనాలి. స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు తెలిసిందే, లిఫ్టు లేకుండా గేటు దాటలేరు.

సరైనదే కొన్నామా? మొదటి మూడు నెలల్లో ఇలా తేల్చుకోండి

మొదటి వారంలోనే నూనె మార్పించి, పాత నూనెను ప్రయోగశాలకు పంపండి. లోహపు రేణువులు ఎక్కువగా ఉంటే వారంటీ ఉన్నప్పుడే మాట్లాడవచ్చు. అల్లైన్‌మెంట్ కొలిపించండి. పాత యజమాని ట్రాక్‌కు పెట్టించిన కోణాలే ఉంటే ముందు టైర్ల లోపలి అంచు త్వరగా తినేస్తుంది, హైవే మీద కారు అటూ ఇటూ లాగుతుంది. 'ఈ తరమే ఇంతేమో' అని అమ్మేయబోయే ముందు కంపెనీ చెప్పిన రోడ్డు కోణాలకు మార్పించి మళ్ళీ నడపండి.

బీమా ముందే ఒప్పుకున్న విలువ మీద తీసుకోండి. మామూలు పాలసీలో పూర్తి నష్టం జరిగితే ఎంత ఇస్తారన్నది వాళ్ళ లెక్క. ట్రాక్ మీద జరిగిన ప్రమాదాన్ని చాలా పాలసీలు ఒప్పుకోవు.

ఇక ఒక చిన్న పుస్తకంలో, కారు తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో ఒక్క ముక్క రాయండి. మూడు నెలల తర్వాత చూస్తే సగం ఎంట్రీలు 'బ్యాటరీ పడిపోకుండా' అని ఉంటే, మీ రోడ్డుకు తప్పు తరం వచ్చింది. ధర ఇంకా నిలబడి ఉండగానే మార్చుకోండి, ముందు పెదవి కింది గీతలు చూపించి మరీ అమ్మండి.